ఫిక్స్చర్ స్టిక్కర్ లేకుండా ఇంప్లాంట్ పని పంపకండి: తిరుపతి, చిత్తూరు దంత వైద్యులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంప్లాంట్లు వేస్తున్న దంత వైద్యులకు, డెంటల్ కాలేజీల ప్రోస్థోడాంటిక్స్ (కృత్రిమ దంతాల విభాగం) అధ్యాపకులకు, విడిభాగాలు తెచ్చి ఇచ్చే డీలర్లకు

నమస్కారం.

టెక్నీషియన్లుగా మేము పని చేసే డెంటల్ ల్యాబ్‌లకు వచ్చే ఇంప్లాంట్ కేసుల్లో వర్క్ స్లిప్ మీద చాలాసార్లు ఉండేది ఇంతే: పేషెంట్ పేరు, పంటి నంబరు, షేడ్, పక్కన "అర్జెంట్" అని రెండు గీతలు. ఎముకలో ఉన్న ఫిక్స్చర్ (ఎముకలోకి దిగే స్క్రూ లాంటి ఇంప్లాంట్ భాగం) ఏ కంపెనీది, ఏ ప్లాట్‌ఫారమ్ (దాని పైముఖం సైజు), లోపలి కనెక్షన్ (పై భాగం కూర్చునే అమరిక) ఎలాంటిది అన్నది ఎక్కడా ఉండదు. ఫోన్ చేసి అడిగితే "రెగ్యులరేనండీ, ఇంటర్నల్ హెక్స్, అందరూ వాడేదే" అంటారు. అందరూ వాడేది అంటూ ఒకటి లేదు. మేము కోరుతున్నది చిన్న పని. ఫిక్స్చర్ ప్యాకెట్‌తో వచ్చే స్టిక్కర్లలో ఒకటి పేషెంట్ ఫైల్‌కు, ఒకటి మా స్లిప్‌కు అంటించండి. పైన కూర్చునే ప్రతి భాగాన్నీ ఆ స్టిక్కర్ చూసే తెప్పించండి. ఇంత పట్టుదల ఎందుకో వివరంగా చెప్పాలి, అందుకే ఈ లేఖ.

ముందు రంగుల సంగతి. "పసుపు రంగుది పంపండి" అని ఆర్డర్ చెప్పడం అలవాటైపోయింది. నోబెల్ బయోకేర్ సిస్టమ్‌లో పసుపు అంటే రెగ్యులర్ ప్లాట్‌ఫారమ్, మెజెంటా అంటే న్యారో. స్ట్రామన్ బోన్ లెవెల్‌లో సరిగ్గా తలకిందులు: పసుపు న్యారో, మెజెంటా రెగ్యులర్. రంగు ఆ కంపెనీ గడప దాటితే దానికి అర్థం లేదు. ఫోన్‌లో రంగు చెప్పి తెప్పించిన అబట్మెంట్ (ఫిక్స్చర్‌కూ, పైన కనిపించే పంటి క్యాప్‌కూ మధ్య ఉండే ముక్క) పూర్తిగా దిగకపోతే నయం, అక్కడికక్కడే తెలిసిపోతుంది. అసలు ప్రమాదం కూర్చున్నట్టే కనిపించి కూర్చోని ముక్కతో.

ఆ ముక్క ఎందుకు ప్రమాదమో తెలియాలంటే అబట్మెంట్‌ను ఫిక్స్చర్‌కు బిగించే స్క్రూ ఎలా పని చేస్తుందో చూడాలి. స్క్రూను బిగించినప్పుడు అది ఒక వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది మళ్లీ కుదించుకోవాలని చూస్తూ అబట్మెంట్‌ను ఫిక్స్చర్ మీదికి లాగి పట్టుకుంటుంది. ఆ లాగుడే ప్రీలోడ్. నమిలేటప్పుడు పడే బలం ఈ ప్రీలోడ్ కన్నా తక్కువగా ఉన్నంతసేపు రెండు భాగాలూ విడిపోవు, స్క్రూకు అలసట (పదేపదే బలం పడి లోహం బలహీనపడటం) రాదు. చిక్కేమిటంటే, మీరు రాచెట్‌తో (బిగించే పనిముట్టు) ఇచ్చే టార్క్‌లో (తిప్పే బలం) సుమారు పదో వంతే ప్రీలోడ్‌గా మారుతుంది. మిగతాదంతా స్క్రూ తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. అంటే ఉపరితలం కాస్త గరుకుగా ఉన్నా, స్క్రూ తల కూర్చునే చోటు కోణం కొంచెం తేడాగా ఉన్నా, రాచెట్ మీద 30 న్యూటన్ సెంటీమీటర్లు కనిపిస్తూనే ఉంటుంది, లోపల ప్రీలోడ్ మాత్రం ఉండదు. కొలిచేది టార్క్, కావలసింది ప్రీలోడ్. ఈ రెండింటి మధ్య ఉన్నదే భాగాల అమరిక.

బిగించాక కూడా కథ అయిపోదు. లోహపు ఉపరితలాల మీది సన్నని గరుకులు ఒత్తిడికి నలిగి చదునవుతాయి. దానివల్ల ప్రీలోడ్‌లో 2 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. లారీ చక్రం మార్చిన మెకానిక్ కొంత దూరం నడిపాక నట్లు మరోసారి బిగించుకోమని చెప్పేది ఇందుకే. ఇంప్లాంట్‌లో అయితే 10 నిమిషాలు ఆగి అదే టార్క్‌తో మళ్లీ బిగించాలి. ఆ 10 నిమిషాలు పేషెంట్‌ను కుర్చీలో కూర్చోబెట్టడానికి తీరిక లేదనే క్లినిక్‌కు, రెండు నెలల తర్వాత వదులైన క్యాప్‌తో అదే పేషెంట్ వచ్చినప్పుడు గంట సమయం ఎలాగూ పోతుంది.

ఇక హెక్స్, అంటే అబట్మెంట్ తిరగకుండా పట్టుకునే ఆరు పలకల భాగం. ఫిక్స్చర్ పైకి ఉంటే ఎక్స్‌టర్నల్, లోపలికి ఉంటే ఇంటర్నల్. బ్రేన్‌మార్క్ తరహా ఎక్స్‌టర్నల్ హెక్స్ ఎత్తు 0.7 మి.మీ., ఎదురెదురు తలాల మధ్య వెడల్పు 2.7 మి.మీ. దాని మీద కూర్చునే అబట్మెంట్ గుంట అంతకన్నా రవ్వంత పెద్దదిగా ఉండక తప్పదు, లేకపోతే దిగదు. ఆ రవ్వంతే అటూ ఇటూ తిరిగే ఆట అవుతుంది. ఆట 2 డిగ్రీల లోపు ఉంటే జాయింట్ గట్టిగా నిలబడుతుందనీ, 5 డిగ్రీలు దాటితే స్క్రూ తొందరగా వదులవుతుందనీ ప్రయోగశాల పరీక్షల్లో తేలిన సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. దాన్ని కొలతల్లోకి మార్చి చూడండి. 2.7 మి.మీ. హెక్స్ మీద 2 డిగ్రీల ఆట అంటే రెండు వైపులా కలిపి సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఖాళీ, 5 డిగ్రీలంటే సుమారు 125 మైక్రాన్లు. మంచి పనికీ చెడ్డ పనికీ మధ్య తేడా మొత్తం 75 మైక్రాన్లే. ఇది కంటికి కనిపించదు, ప్రోబ్‌కు అందదు. "వేసి చూశాం, బాగానే కూర్చుంది" అన్న మాటకు ఈ స్థాయిలో విలువ లేదు.

ఇంటర్నల్ హెక్స్‌లో గందరగోళం ఇంకా ఎక్కువ. 3.5 మి.మీ. ప్లాట్‌ఫారమ్, లోపల దాదాపు రెండున్నర మి.మీ. హెక్స్ ఉన్న డిజైన్లు చాలా కంపెనీలకు ఉన్నాయి. అన్నీ ఒకటే అని డీలర్లు చెబుతారు. పైన ఉన్న వాలు కోణం, హెక్స్ లోతు, స్క్రూ మర, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఒకటి కాదు. మరనే తీసుకుందాం. అంగుళాల లెక్కలో 1-72 మర బయటి వ్యాసం 1.85 మి.మీ., పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం) 0.353 మి.మీ. మెట్రిక్ ఎం1.8 మర వ్యాసం 1.80, పిచ్ 0.35. ఈ రెండో స్క్రూ మొదటి ఫిక్స్చర్‌లోకి హాయిగా దిగుతుంది, బిగుసుకుంటుంది కూడా. కానీ మర అంచులు పూర్తిగా పట్టుకోవు, బలమంతా మొదటి ఒకటి రెండు చుట్ల మీదే పడుతుంది. స్క్రూ విరిగినా తీయవచ్చు, ఫిక్స్చర్ లోపలి మర పాడైతే ఎముకలో ఉన్నదానికి బదులు దొరకదు.

కోనికల్ (శంకువు ఆకారపు) కనెక్షన్ల విషయంలో ఒక్క మాట. ఆస్ట్రా 11 డిగ్రీలు, స్ట్రామన్ బోన్ లెవెల్ 15 డిగ్రీలు, నోబెల్ యాక్టివ్ 12 డిగ్రీలు అని ఎవరి కోణం వారిది. కోణాలు కలవకపోతే కోన్ మొత్తం కాకుండా ఒక వలయం మీదే ఆనుతుంది. పైన ఆనితే కింద ఊగుతుంది, కింద ఆనితే పైన బ్యాక్టీరియాకు దారి ఉంటుంది. స్క్రూ విప్పగానే వచ్చే దుర్వాసన చాలావరకు ఈ ఖాళీల్లో పేరుకున్న దానిదే.

కంపాటిబుల్ భాగాలన్నీ (వేరే కంపెనీ ఫిక్స్చర్‌కు సరిపోతాయని అమ్మేవి) చెడ్డవని మేము అనడం లేదు. ఫిక్స్చర్‌ను సొంతంగా కొలిచి, టాలరెన్స్‌లు రాసి, స్కాన్ లైబ్రరీ (డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు కావలసిన ఆ భాగాల కొలతల ఫైళ్లు) ఇచ్చి, లాట్ నంబరుతో (తయారీ విడత సంఖ్య) అమ్మే తయారీదారులు ఉన్నారు. మా అభ్యంతరం ప్లాస్టిక్ కవర్‌లో పేరు లేకుండా వచ్చే ముక్కల మీద. ఇంకో మాట ఖరాఖండిగా చెబుతాం: ఖరీదైన ఫిక్స్చర్ వేసి దాని మీద ఊరూపేరూ లేని అబట్మెంట్ పెట్టడం కన్నా, మధ్య రకం ధరలో ఉన్న ఒకే కంపెనీ ఫిక్స్చర్, అబట్మెంట్, స్క్రూ మూడూ వాడటం మేలు. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో వచ్చే రైతుకు పూర్తి ఒరిజినల్ సెట్ భారమే, కాదనం. అప్పుడు ఫిక్స్చర్ ఎంపికలోనే ధర తగ్గించండి, జాయింట్ దగ్గర కాదు. ఐఎస్ఓ 14801 అలసట పరీక్షలో ఇంప్లాంట్‌ను 30 డిగ్రీలు వంచి 50 లక్షల సార్లు బలం పెడతారు. ఆ పరీక్ష ఫిక్స్చర్, అబట్మెంట్, స్క్రూ కలిపిన సెట్‌కు జరుగుతుంది. అందులో ఒక్క ముక్క మార్చినా బ్రోచర్‌లో ఉన్న ఆ ఫలితం మీ పేషెంట్ నోట్లో ఉన్నదానికి వర్తించదు.

మా వైపు తప్పులూ చెప్పుకోవాలి, ల్యాబ్‌లకు మినహాయింపేమీ లేదు. ప్లాస్టిక్ యూక్లా అబట్మెంట్‌ను (పోతకు వాడే రకం) మైనంతో కట్టి కోబాల్ట్ క్రోమ్‌లో పోత పోస్తే, ఫిక్స్చర్ మీద ఆనే అంచు కూడా పోతలోనే వస్తుంది. మిల్లింగ్‌లో వచ్చే నునుపు దానికి రాదు. చిన్న బుడిపె కనిపిస్తే రబ్బర్ వీల్‌తో రెండు సార్లు తాకిస్తారు, అంతటితో అంచు గుండ్రబడిపోతుంది. పోత తప్పనిసరైతే మెషిన్‌లో చేసిన లోహపు బేస్ ఉన్న యూక్లానే వాడాలి. శాండ్‌బ్లాస్ట్ చేసేటప్పుడు, పాలిష్ చేసేటప్పుడు కనెక్షన్ భాగానికి పాత అనలాగ్ (ల్యాబ్‌లో వాడే ఫిక్స్చర్ నకలు) బిగించి మూసి ఉంచాలి. టైటానియం బేస్‌కు (క్యాప్ కింది లోహపు ముక్క) జిర్కోనియా (గట్టి పింగాణీ లాంటి పదార్థం) అతికించేటప్పుడు 50 మైక్రాన్ల అల్యూమినా 2 బార్ ఒత్తిడితో సరిపోతుంది, అదీ అతికే గోడ మీదే. స్క్రూ దారిలో సిమెంట్ ఒక్క చుక్క మిగిలినా స్క్రూ తల దాని మీదే ఆనుతుంది, టార్క్ చూపిస్తుంది, ప్రీలోడ్ ఉండదు. ల్యాబ్‌లో పదిసార్లు బిగించి విప్పిన స్క్రూ నోట్లోకి పోకూడదు. ల్యాబ్ స్క్రూ వేరు, క్లినిక్ స్క్రూ వేరు. కొత్త స్క్రూ విడిగా, సీల్ తీయకుండా పంపని ల్యాబ్‌ను నిలదీసే హక్కు మీకుంది. బేస్ లేకుండా అబట్మెంట్ మొత్తం జిర్కోనియాలో చేయమని అడగడం మాత్రం మానండి. జిర్కోనియా టైటానియం కన్నా చాలా గట్టిది, ఏళ్ల తరబడి రాపిడికి అరిగేది ఫిక్స్చరే.

ఒంటి పన్నా, బ్రిడ్జా అన్నది స్లిప్‌లో లేకపోవడం వల్ల జరిగే నష్టం వేరే. ఒంటి పంటికి హెక్స్ పట్టు ఉన్న ఎంగేజింగ్ బేస్ కావాలి, లేకపోతే క్యాప్ తిరుగుతుంది. రెండు మూడు ఇంప్లాంట్లను కలిపే బ్రిడ్జికి హెక్స్ పట్టు లేని నాన్ ఎంగేజింగ్ కావాలి. ఎందుకంటే ఫిక్స్చర్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, రెండు చోట్లా హెక్స్ పెడితే ఒకటి దిగాక రెండోది అడ్డం పడుతుంది. దాన్ని స్క్రూతో లాగి దించితే దిగుతుంది. అలా లాగి దించిన బలం మాత్రం ఎక్కడికీ పోదు, పింగాణీ పెచ్చుగా, విరిగిన స్క్రూగా తర్వాత బయటపడుతుంది. దవడ మొత్తం చేసే పనికి మల్టీ యూనిట్ అబట్మెంట్లు (బ్రిడ్జి కూర్చునే మధ్య ముక్కలు) వేసి, వాటిని తయారీదారు చెప్పిన టార్క్‌తో, మామూలుగా 30 లేదా 35 న్యూటన్ సెంటీమీటర్లతో బిగించాకే కొలత (నోటి అచ్చు) తీయండి. పైన బ్రిడ్జి స్క్రూలకు సాధారణంగా 15 చాలు. 15 ఇవ్వవలసిన సన్నని స్క్రూకు 30 ఇచ్చి విరగ్గొట్టిన కేసులు మళ్లీ ల్యాబ్‌కే వస్తాయి.

కోనికల్ ఫిక్స్చర్ల మీద నేరుగా కొలత తీస్తే ఇంకో మెలిక ఉంది. చేత్తో బిగించిన ఇంప్రెషన్ కోపింగ్ (అచ్చులో ఫిక్స్చర్ స్థానం పట్టే ముక్క) ఒక ఎత్తులో నిలబడుతుంది. అదే చోట 30 న్యూటన్ సెంటీమీటర్లతో బిగించిన అబట్మెంట్ కోన్‌లోకి పదుల మైక్రాన్లు ఇంకా దిగుతుంది. ఒంటి పంటిలో ఇది కాంటాక్ట్, బైట్‌లో చిన్న తేడాగా సరిపెట్టుకోవచ్చు. నాలుగు ఇంప్లాంట్ల బ్రిడ్జిలో కుదరదు.

కొలత విషయానికొస్తే, పొడవాటి బ్రిడ్జిలకు ఓపెన్ ట్రే (కోపింగ్ స్క్రూలు పైకి వచ్చే రంధ్రాలున్న అచ్చు పళ్లెం), కోపింగ్‌లను కలిపి కట్టడం మంచిది. వాటిని కట్టే ప్యాటర్న్ రెసిన్ (ఒక రకం ప్లాస్టిక్) గట్టిపడుతూ ముడుచుకుపోతుంది, ఆ ముడుచుకోవడంలో ఎక్కువ భాగం మొదటి పావుగంటలోనే జరుగుతుంది. కాబట్టి కట్టాక డిస్క్‌తో కోపింగ్‌కూ కోపింగ్‌కూ మధ్య సన్నగా కోసి, కొద్దిగా రెసిన్‌తో మళ్లీ అతికించి అప్పుడు ట్రే పెట్టండి. తర్వాత మా మోడల్ ఉంది. మోడల్ పోసే టైప్ 4 డై స్టోన్ (గట్టి జిప్సం) గట్టిపడేటప్పుడు 0.1 శాతం దాకా వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. దూరంలో ఉన్న రెండు అనలాగ్‌ల మధ్య అది 50 మైక్రాన్లు. ఈ లెక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి గనుకే వెరిఫికేషన్ జిగ్ (మోడల్ నోటితో కలుస్తోందో లేదో చూసే కడ్డీ) పంపుతాం. జిగ్‌ను నోట్లో పెట్టి చూడకుండా "ఓకే, ప్రొసీడ్" అని వాట్సాప్ పెట్టడం దయచేసి వద్దు. జిగ్ చూసే పద్ధతి: ఒక చివర స్క్రూ మాత్రమే బిగించండి, అవతలి చివర లేస్తుందేమో చూడండి, ఎక్స్‌రే తీయండి. తర్వాత ఒక్కో స్క్రూ బిగిస్తూ, మొదటి నిరోధం తగిలినప్పటి నుంచి పూర్తిగా బిగుసుకునే దాకా ఎంత తిరిగిందో గమనించండి. పిచ్ 0.3 మి.మీ. ఉన్న స్క్రూ సగం చుట్టు తిరిగిందంటే 150 మైక్రాన్ల ఖాళీని స్క్రూ లాగి మూసిందని అర్థం. అంతకు మించితే జిగ్ కోసి అక్కడే అతికించి తిరిగి పంపండి, మోడల్‌లో ఆ అనలాగ్ తీసి సరిచేస్తాం.

ఇంట్రా ఓరల్ స్కానర్ ఉన్నవారికి స్టిక్కర్ అవసరం తగ్గలేదు, పెరిగింది. స్కాన్ బాడీ (స్కాన్ కోసం ఫిక్స్చర్‌కు బిగించే ముక్క) ఏ కంపెనీదో, ఏ లైబ్రరీదో తెలియకపోతే సాఫ్ట్‌వేర్ మాకు అందమైన తప్పును చూపిస్తుంది. పీక్ స్కాన్ బాడీని రాచెట్‌తో బిగించకండి. మెత్తని ప్లాస్టిక్ అణిగి ఎత్తు మారిపోతుంది, చేతి డ్రైవర్ చాలు. పదేపదే ఆటోక్లేవ్ చేసి అంచులు అరిగినవి పక్కన పెట్టండి.

క్యాప్ పెట్టే రోజు క్రమం మారితే మంచి పని కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. పక్క పళ్లతో కాంటాక్ట్ గట్టిగా ఉంటే అబట్మెంట్ పైకే నిలబడుతుంది, ఎక్స్‌రేలో ఖాళీ వస్తుంది, "ల్యాబ్ ఫిట్ బాలేదు" అని ఫోన్ వస్తుంది. ముందు కాంటాక్ట్‌లు, తర్వాత చిగురు తెల్లబడి 10 నిమిషాల్లో మామూలవుతోందా అని, తర్వాత ఎముక అంచు తగులుతోందేమో చూసి, అప్పుడు ఫిట్. హీలింగ్ క్యాప్ (చిగురు మానే దాకా పెట్టే మూత) తీశాక ఫిక్స్చర్ లోపల చిగురు ముక్క, రక్తం మిగలకుండా సెలైన్‌తో కడిగి ఆరబెట్టండి. ఆర్‌వీజీ (డిజిటల్ ఎక్స్‌రే) తీస్తే కిరణం ఇంప్లాంట్ నిలువు గీతకు లంబంగా ఉండాలి. సరిగా వచ్చిందో లేదో ఫిక్స్చర్ మరలే చెబుతాయి. రెండు వైపులా మరలు పదునుగా కనిపిస్తే ఆ ఫిల్మ్‌ను నమ్మవచ్చు. మరలు మసకగా ఒకదానిమీద ఒకటి పడితే ఖాళీ ఉన్నా కనిపించదు, మళ్లీ తీయాలి. మసక ఫిల్మ్ పంపి ఫిట్ గురించి వాదించడం ఇద్దరికీ దండగ.

రాచెట్ కూడా పరికరమే, దానికీ వయసుంటుంది. లోపల స్ప్రింగ్ ఉన్న రకం కడగకుండా ఆటోక్లేవ్‌లో పెడుతూ పోతే తుప్పు, మడ్డి పట్టి తప్పు దగ్గర తిరుగుతుంది. విప్పి కడిగి, కంపెనీ చెప్పిన నూనె వేసి పెట్టండి. గీత దగ్గర వంగే కడ్డీ రకం నయం, గీతను నిటారుగా ఎదురుగా చూసి చదివితే చాలు.

డీలర్లకు రెండు మాటలు. చెన్నై నుంచి రాత్రి బస్సులో వచ్చే పార్సిల్‌లో బిల్లు మీద "అబట్మెంట్ - 5" అని రాసి పంపితే అది వ్యాపారం కాదు. 2017 వైద్య పరికరాల నియమాలు ఉన్నాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. తయారీదారు పేరు, లాట్ నంబరు, లైసెన్సు నంబరు లేని ప్యాకెట్ అమ్మడానికి లేదు. ఒక కేసులో స్క్రూలు వరసగా విరిగితే ఏ లాటో తెలియాలి కదా, మిగిలినవి వెనక్కి తీసుకోవడానికి.

ఈ జిల్లాల పేషెంట్లు ఒక చోట ఉండరు. ఫిక్స్చర్ వెల్లూరులోనో బెంగళూరులోనో వేయించుకుని క్యాప్ తిరుపతిలో పెట్టించుకుంటారు. ఇక్కడ పెట్టించుకుని కువైట్ వెళ్తారు, స్క్రూ అక్కడ వదులవుతుంది. అక్కడి డాక్టర్ ఎక్స్‌రే చూసి ఏ సిస్టమో ఊహించాలి, దొరికిన డ్రైవర్ పెట్టి తిప్పాలి. తప్పు డ్రైవర్‌తో ఒక్కసారి జారితే స్క్రూ తల గుండ్రమైపోతుంది. అందుకే పేషెంట్ చేతికి ఒక కార్డు ఇవ్వండి. పంటి నంబరు, ఫిక్స్చర్ స్టిక్కర్, అబట్మెంట్ స్టిక్కర్, ఇచ్చిన టార్క్, వాడిన డ్రైవర్. ఇందుకు కంపెనీ అట్ట కావాలనేం లేదు, విజిటింగ్ కార్డు వెనక రాసినా చాలు. ఫోన్‌లో ఫొటో తీసుకోమని కూడా చెప్పండి.

వచ్చే నెల 1వ తేదీ నుంచి మేము తీసుకునే ఇంప్లాంట్ కేసులకు స్లిప్ మీద ఇవి ఉండాలి: ఫిక్స్చర్ స్టిక్కర్ లేదా దాని స్పష్టమైన ఫొటో, ప్లాట్‌ఫారమ్, ఒంటి పన్నో బ్రిడ్జో, స్క్రూతోనా సిమెంట్‌తోనా, స్కాన్ అయితే స్కాన్ బాడీ కంపెనీ, లైబ్రరీ పేరు. అబట్మెంట్ మీరే పంపితే దాని ప్యాకెట్ కూడా. వేరే చోట వేసిన ఫిక్స్చర్ అయి వివరాలు దొరకకపోతే ఆ సంగతే రాసి, మరలు పదునుగా ఉన్న ఎక్స్‌రే జత చేయండి. కలిసి గుర్తుపట్టే ప్రయత్నం చేస్తాం, తేలకపోతే పని మొదలుపెట్టం. బదులుగా మా నుంచి పోయే ప్రతి పెట్టెలో కొత్త స్క్రూ సీల్‌తో, వాడిన బేస్ లాట్ నంబరు, ఇవ్వవలసిన టార్క్, డ్రైవర్ సైజు రాసిన చీటీ ఉంటుంది. చీటీ లేని పెట్టెను వెనక్కి పంపేయండి, రానుపోను ఖర్చు మాదే.

కాలేజీల అధ్యాపకులకు ఒక విన్నపం. విద్యార్థులతో ఒక్కసారి ల్యాబ్ బెంచ్ మీద ఒకే అనలాగ్‌కు మూడు రకాల అబట్మెంట్లు బిగించి, మైక్రోస్కోప్ కింద ఆ అంచు చూపించండి. అందుకు కావలసిన అనలాగ్‌లు, కోసిన నమూనాలు మేము ఇస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరులో ఇంప్లాంట్ పని చేసే డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్లు

తా.క. డ్రైవర్ల గురించి: హెక్స్ డ్రైవర్లలో 1.20, 1.22, 1.25, 1.27 మి.మీ. నాలుగూ వాడుకలో ఉన్నాయి. 1.27 స్క్రూలో 1.25 దూరుతుంది, చేత్తో తిప్పితే పట్టుకుంటుంది కూడా, 30 దగ్గర జారుతుంది. మీ ట్రేలో ఉన్న డ్రైవర్లకు సైజు రాసిన పట్టీలు కట్టించుకోండి.